చదివి వినిపిస్తే అన్నీ చెప్తాడు: మా వాడి డిస్లెక్సియా, మా రెండేళ్ల తిరుగుడు

మా అబ్బాయికి ఇప్పుడు పదేళ్లు, ఐదో తరగతి. సీబీఎస్‌ఈ సిలబస్ ఉన్న ప్రైవేటు బడి. వాడికి డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమవడం), దాంతోపాటు ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవకపోవడం) ఉన్నాయని 2024 జూన్‌లో కాగితం మీద తేలింది. అనుమానం మొదలైన దగ్గర్నుంచి సర్కారు వైకల్య సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా దాదాపు రెండేళ్లు పట్టింది. మేముండేది హనుమకొండకి బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న చిన్న టౌను. మా ఆయనకి మోటార్ వైండింగ్ షాపు, నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఎక్కడికెళ్తే ఏం జరుగుతుందో, ఎంతవుతుందో మాలాంటి వాళ్లకి తెలుగులో చెప్పేవాళ్లు అప్పట్లో నాకు దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2024 ఫిబ్రవరిలో మూడో తరగతి క్లాస్ టీచర్ పిలిపించింది. రెండు నోటుబుక్కులు నా ముందు పెట్టింది. ఏ పేజీ తిప్పినా పై మూడు వరసలే ఉన్నాయి, కింద అంతా ఖాళీ. బోర్డు మీదున్నది ఎక్కించుకునేలోపే చెరిపేస్తున్నారట. "నోటితో అడిగితే అందరికన్నా ముందు చెప్తాడండీ. రాయమంటే పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చుంటాడు. మొదట్లో పొగరనుకున్నా. కాదు, ఇంకేదో ఉంది. ఒకసారి చూపించండి" అంది. బీఈడీ అయి అప్పుడే ఉద్యోగంలో చేరిన అమ్మాయి. అంతకుముందు రెండేళ్లూ వాడి ప్రోగ్రెస్ కార్డు మీద "కేర్‌లెస్" అనే రాసి పంపారు.

ఇంట్లో మేమూ చూస్తూనే ఉన్నాం. "ప్రేమ" అని ఉంటే "పేరమ" అని చదివేవాడు. "చంద్రుడు" వాడి నోట్లో "చందురుడు". ద, ధ, డ ఒకదాని బదులు ఒకటి వచ్చేవి. ఇంగ్లీషులో బీ, డీ తారుమారు. పైగా మూడు లిపులు. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక సీబీఎస్‌ఈ బడుల్లో కూడా తెలుగు తప్పనిసరి, హిందీ ఎలాగూ ఉంది. ఒక్క లిపితోనే కుస్తీ పడే పిల్లాడికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూడు. అదే వాళ్ల నానమ్మ రాత్రి చెప్పిన కథని రెండు నెలల తర్వాత ఒక్క ముక్క పోకుండా చెప్పేవాడు. మా ఆయన షాపులో మిక్సీ విప్పితే ఏ స్క్రూ ఎక్కడిదో వాడికే గుర్తుండేది.

పిల్లల డాక్టరు ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించుకు రమ్మన్నారు. మార్చిలో రెండూ అయ్యాయి. కళ్లకి 300, చెవులకి ఆడియోమెట్రీ 600 రూపాయలు. రెండూ నార్మల్ అన్నారు. సంతోషించాల్సింది పోయి నాకు నీరసం వచ్చింది. అద్దాలు పెడితే తీరిపోయే సంగతైతే బాగుండునని లోపల ఎంత ఆశపెట్టుకున్నానో అప్పుడు తెలిసింది. ఈ రెండు రిపోర్టులు పారేయకండి. తర్వాత ప్రతిచోటా మొదట అడిగేవి ఇవే.

అత్తయ్య మాత్రం అక్షరాభ్యాసం బాసరలో చేయించకుండా ఇంట్లో కానిచ్చేయడం వల్లే ఇదంతా అంది. బాసర వెళ్లాం. మళ్లీ పలకా బలపం పట్టించాం. నాకూ నమ్మకముంది, మనస్ఫూర్తిగానే మొక్కుకున్నాను. తిరిగొచ్చిన మర్నాడే క్లినికల్ సైకాలజిస్టు అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేశాను.

ఇంకో ఆకర్షణ కూడా దారిలో తగిలింది. మా టౌన్‌లోనే ఒక సెంటర్ వాళ్లు మెదడుకి ట్రైనింగ్ ఇస్తామని 25,000 అడిగారు. కళ్లకి గంతలు కట్టి పుస్తకం చదివిస్తారట. మా వాడు కళ్లు తెరిచి చదివితే చాలని చెప్పి వచ్చేశాను. పిల్లల డాక్టరు ముందే ఒక మాట చెప్పి ఉండటం మంచిదైంది. ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయినవాళ్ల దగ్గరికే వెళ్లండి, రిజిస్ట్రేషన్ నంబర్ అడగడానికి మొహమాటపడొద్దు అన్నారాయన. ఇలాంటి పిల్లలకి విడిగా చదువు నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్లకీ ఇదే వర్తిస్తుంది.

వేసవి సెలవుల్లో రద్దీ ఎక్కువ కావడంతో హనుమకొండలో అపాయింట్‌మెంట్‌కి ఐదు వారాలు ఆగాల్సి వచ్చింది. మే చివర్లో దొరికింది. ఫీజు మొత్తం 6,500. రెండు విడతలుగా చేశారు, ఒక్కో విడత రెండు గంటల పైన.

మొదటి విడతలో ఎక్కువసేపు మమ్మల్నే అడిగారు. పుట్టగానే ఏడ్చాడా, ఎప్పుడు నడిచాడు, మాటలెప్పుడు, ఫిట్స్ ఏమైనా వచ్చాయా. మీ ఇళ్లలో ఎవరికైనా చదువు దగ్గర ఇలాంటి ఇబ్బంది ఉందా అని అడిగినప్పుడు నేను లేదనబోయాను. మా ఆయన కాసేపు ఊరుకుని, "నాకే ఉంది మేడమ్" అన్నాడు. పదో తరగతి ఎందుకు ఆగిపోయిందో, షాపులో బిల్లులు కుర్రాడి చేత ఎందుకు రాయిస్తాడో ఆ గదిలో చెప్పాడు. పెళ్లై పన్నెండేళ్లు, నాకు తెలియదు. బిల్లు రాయడం యజమాని పని కాదన్న దర్జా అనుకునేదాన్ని. ఇలాంటివి కుటుంబాల్లో వస్తుంటాయి, మీరు చెప్పడం మంచిదైంది అని మేడమ్ రాసుకున్నారు.

మా వాడికి ముందు ఐక్యూ పరీక్ష పెట్టారు. బొమ్మల్లో ఏది లోపించిందో చెప్పడం, దిమ్మెలు పేర్చడం, అంకెలు విని వెనక నుంచి చెప్పడం లాంటివి. తర్వాత బెంగళూరు నిమ్‌హాన్స్ ఆస్పత్రి వాళ్ల ఇండెక్స్ అనే పరీక్షలో చదవడం, స్పెల్లింగ్, అర్థం చేసుకోవడం, లెక్కలు, ఆకారాలు చూసి గీయడం. ఏడీహెచ్‌డీ కోసం ప్రశ్నల ఫారాలు రెండు, ఒకటి మేం నింపాలి, ఒకటి టీచర్ నింపాలి. టీచర్ ఫారం సీల్డ్ కవర్‌లో తెమ్మన్నారు. సెలవుల్లో ఆ టీచర్‌ని వెతికి పట్టుకోవడానికే వారం పోయింది. మీరు వెళ్లేముందే ఫోన్‌లో అడిగి తెప్పించుకోండి. పాత నోటుబుక్కులు, ప్రోగ్రెస్ కార్డులు కూడా తీసుకెళ్లండి, ఆవిడ ప్రతి పేజీ చూశారు. పిల్లాడికి కడుపునిండా టిఫిన్ పెట్టండి, జలుబు జ్వరం ఉంటే తేదీ మార్చుకోండి. మా వాడు బయటికొచ్చి, "ఈ ఎగ్జామ్ బాగుందమ్మా, అన్నీ నోటితో అడుగుతున్నారు" అన్నాడు.

రిపోర్టు పది రోజుల తర్వాత, జూన్ రెండో వారంలో ఇచ్చారు. ఆరు పేజీలు, ఇంగ్లీషు. నా కళ్లు ముందు ఐక్యూ అంకె మీదికే పోయాయి. 108. చదవడం మాత్రం ఒకటో తరగతి స్థాయి. ఐక్యూ 85 దాటి ఉండి, చదవడం రాయడం ఇంత వెనకబడితే దాన్ని లెర్నింగ్ డిజెబిలిటీ కింద చూస్తారని మేడమ్ వివరించారు. "తెలివికి లోటు లేదు. చదివి తెలుసుకోవడం, రాసి చెప్పడం, ఈ రెండే కష్టం. చెవితో విని నోటితో చెప్పే దారి తెరిచే ఉంది. దాన్ని ఈరోజు నుంచే వాడండి, సర్టిఫికెట్ కోసం ఆగకండి" అన్నారు. ఈ రెండేళ్లలో నాకు అందరికన్నా ఎక్కువ పనికొచ్చిన మాట అదే. తిరుగు బస్సులో నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ "కేర్‌లెస్" కార్డుల మీద నేనే కదా రెండేళ్లు సంతకం పెట్టింది అని.

ఇక్కడో చిన్న చిట్కా. ఆరు పేజీల రిపోర్టు బడిలో ఎవరూ చదవరు. బడి ఏం చేయాలో ఒకే పేజీలో లెటర్‌హెడ్ మీద విడిగా రాసివ్వమని సైకాలజిస్టుని అడగండి. నేను అడిగితే అదనంగా ఏమీ తీసుకోకుండా ఇచ్చారు.

బడి తెరిచిన వారంలో ప్రిన్సిపాల్‌ని కలిశాం. ఆయన మర్యాదగానే మాట్లాడారు కానీ, మా దగ్గర స్పెషల్ టీచర్ లేరు, వాడికి సరిపోయే బడి చూసుకుంటే వాడికే మంచిది అన్నారు. నేను రాత్రంతా చదువుకుని వెళ్లాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది సార్, అందులో 17వ సెక్షన్‌లో పరీక్షకి అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు అని ఉంది అన్నాను. అవన్నీ బోర్డు పరీక్షలకండీ, ఇప్పుడు నాలుగో తరగతే కదా అన్నారు. చట్టం మాటెత్తగానే ఆయన ముఖం బిగుసుకుంది. అప్పుడు మా ఆయన ఆ ఒక పేజీ తీసి టేబుల్ మీద పెట్టి, "సార్, ఇందులో డబ్బు ఖర్చయ్యేది ఒక్కటీ లేదు. ఏవి కుదురుతాయో చూడండి" అన్నాడు. షాపులో బేరం చేసే గొంతే అది. అది పని చేసింది.

అడిగినవి ఇవి: ముందు బెంచీలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టడం. ముందు చెప్పకుండా లేపి పైకి చదవమనకపోవడం. బోర్డు మీదిది ఎక్కించుకోలేకపోతే పక్క పిల్లాడి నోట్సు ఫోటో మాకు పంపడం. సైన్స్, సోషల్‌లో స్పెల్లింగ్‌కి మార్కులు కోయకపోవడం. పరీక్షలో ప్రశ్న చదివి వినిపించడం. మొదటి నాలుగూ ఒప్పుకున్నారు. చివరిది మాత్రం మిగతా పేరెంట్స్ ఊరుకోరని వద్దన్నారు.

నాలుగో తరగతి మిస్ పాతికేళ్ల సర్వీసున్న ఆవిడ. నలభై రెండు మందిలో ఒక్కడికి ఇవన్నీ ఎలా చేయనమ్మా అంది. ఆ మాటలో న్యాయం లేదని నేను అనలేను. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాక ఆవిడే ఒక ఉపాయం చెప్పింది. రెండు పీరియడ్లకోసారి అటెండెన్స్ రిజిస్టరో, చాక్‌పీసుల డబ్బానో ఇచ్చి వాణ్ణి ఆఫీసుకి పంపేది. వాడికి నాలుగడుగులు వేసే అవకాశం, మిగతా పిల్లల కళ్లకి మిస్ పని చేసి పెడుతున్న లీడర్. ఏ రిపోర్టులోనూ లేని మందు అది.

సెప్టెంబర్ యూనిట్ టెస్టులో సైన్స్‌లో 20కి 7 వచ్చాయి. మిస్ ఎవరికీ చెప్పకుండా లంచ్ టైములో అదే పేపర్ వాడికి చదివి వినిపించి, నోటితో జవాబులు అడిగి మార్కులు వేసింది. 16. ఆ రెండు పేపర్లు పట్టుకుని ఆవిడే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది. అర్ధ సంవత్సర పరీక్షల నుంచి వాడికి లైబ్రరీలో విడిగా కూర్చోబెట్టి ఒక టీచర్ ప్రశ్నలు చదివి వినిపిస్తున్నారు. చట్టం, నా వాదన, ఆరు పేజీల రిపోర్టు సాధించలేనిది ఒక పాత టీచర్ కుతూహలం సాధించింది. మీ బడిలో అలాంటి మనిషి ఎవరో ముందు వెతుక్కోండి.

స్పెషల్ ఎడ్యుకేటర్ జూలైలో దొరికారు. ఉండేది హనుమకొండలో. వారానికి రెండుసార్లు ఆన్‌లైన్‌లో 45 నిమిషాలు, పదిహేను రోజులకోసారి నేరుగా వెళ్లడం. నెలకి నాలుగు వేలు దాటేది, బస్సు ఖర్చులు వేరే. నాకైతే బస్సులో ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు, వాడికే హాఫ్ టికెట్టు. ఆ మాత్రం కలిసొచ్చింది.

మొదటి నెల పుస్తకమే తెరవలేదు. అన్నీ చెవి ఆటలే. "కమలం"లో "క" తీసేస్తే ఏం మిగులుతుంది? "పలక"లో చివరిదేది? చప్పట్లు కొడుతూ పదాన్ని ముక్కలు చేయడం. డబ్బులిచ్చి ఆటలాడిస్తున్నామా అని మా అత్తయ్య గొణిగింది. నాకూ లోపల అదే గుబులు.

ఆగస్టులో అక్షరాలు మొదలయ్యాయి, కానీ వర్ణమాల వరసలో కాదు. చూడ్డానికి దగ్గరగా ఉండేవాటిని దూరంగా పెట్టారావిడ. ద నేర్పాక మూడు వారాల దాకా ధ మాట ఎత్తలేదు. ప వచ్చాకే ష, అది గట్టిపడ్డాకే ఫ. వ, మ ఒకే రోజు అసలు చెప్పేవారు కాదు. పళ్లెంలో బొంబాయి రవ్వ పలచగా పరిచి వేలితో రాయించేవారు, రాస్తూ పైకి పలకాలి. తలకట్టుకి ఎరుపు, గుడికి నీలం, కొమ్ముకి ఆకుపచ్చ స్కెచ్‌పెన్ను. గట్టి అట్టలో ఒక పదం పట్టేంత కిటికీ కోసి దాన్ని వరస మీద జరుపుతూ చదివించేవారు. అట్ట ఖర్చు సున్నా, మా పెళ్లి కార్డుల కట్టలోంచి తీసిందే.

ఒత్తుల దగ్గర ఆవిడ చేసింది చూసి నేను ఆశ్చర్యపోయాను. గ్గ, డ్డ, ప్ప, బ్బ లాంటివాటిలో కిందున్న ఒత్తు పైనున్న అక్షరంలాగే ఉంటుంది కదా, ముందు అవి. త, న, మ, య, ల ఒత్తులు అసలు అక్షరం పోలికే లేకుండా మారిపోతాయి, అవి తర్వాత. అన్నిటికన్నా చివర ర ఒత్తు. "ప్రేమ"లో పలకడానికి ర తర్వాత వస్తుంది, కంటికేమో కింద ఎడమ పక్క నుంచే మొదలై కనిపిస్తుంది, ఏది ముందు చదవాలో వాడికి తేలడం లేదని చెప్పారు. నలభై ఏళ్లుగా తెలుగు చదువుతున్నాను, దీని గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. ర ఒత్తు ఒక్కదానికే నెల పైన పట్టింది.

ఇంగ్లీషు కన్నా తెలుగు ముందు దారికొచ్చింది. ఎలా రాస్తే అలా పలుకుతాం కాబట్టి సూత్రం ఒకసారి దొరికితే అంతటా పని చేస్తుంది. డిసెంబర్‌లో హనుమకొండ బస్టాండులో నిలబడి బస్సుల బోర్డులు చదవడం మొదలుపెట్టాడు. "ములుగు", "పరకాల" సులువుగానే వచ్చాయి. "నర్సంపేట" దగ్గర ఆగి, పెదాలు కదుపుతూ కూడబలుక్కుని, బస్సు కదులుతుండగా పూర్తి చేశాడు. మేం ఎక్కాల్సిన బస్సు ఆ గొడవలో వెళ్లిపోయింది.

ఇంట్లో మార్చుకున్నవి చెప్తాను. బడి నుంచి రాగానే హోంవర్క్ లేదు, ఆరు దాకా ఆట. తర్వాత పదిహేను నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం. టైమర్‌గా ఫోన్ పెడితే వాడి ధ్యాసంతా ఫోన్ మీదే, అందుకని 150 రూపాయల కిచెన్ టైమర్ కొన్నాం. పాఠాలన్నీ మా ఆడపడుచు కూతురు, ఇంటర్ చదివే అమ్మాయి, ఫోన్‌లో చదివి రికార్డు చేసిచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ యాప్‌లో కొన్ని వీడియోలు వస్తాయి, కానీ వాడికి అక్క గొంతే ఇష్టం. ఉయ్యాల ఊగుతూ వింటాడు. కుదురుగా కూర్చుని వినమని ఎన్నడూ అనొద్దని మేడమ్ గట్టిగా చెప్పారు. విన్నది వాళ్ల నాన్నకి షాపులో పాఠంలా చెప్తాడు. లెక్కల్లో ఎక్కాలు ఇప్పటికీ నోటికి రావు, గోడకి చార్టు ఉంది, చూసుకుంటాడు. పోనీ అని వదిలేశాం.

వాడికి సంగతి చెప్పాలా వద్దా అని చాలా మథనపడ్డాం. చెప్పమన్నారు సైకాలజిస్టు. "తగ్గుతుందా?" అని అడిగాడు. ఉంటుంది, కానీ చదవడం మాత్రం వస్తుంది, నిదానంగా వస్తుంది అన్నాం. మర్నాడు క్లాసంతా చాటింపు వేసుకొచ్చాడు. సాయంత్రానికి ఒకావిడ ఫోన్: "వదినా, మీ బాబుకేదో వచ్చిందట, అంటుకునేదా?"

మందు గురించి. ఏడీహెచ్‌డీకి నవంబర్‌లో సైకియాట్రిస్టు మాత్ర మొదలుపెట్టారు. పిచ్చి డాక్టరు, మత్తు మాత్ర అని చుట్టాల్లో గుసగుసలు. రెండు వారాలు చీటీ బీరువాలో పెట్టుకుని కూర్చున్నాం. ఆ మాత్ర ప్రతి మెడికల్ షాపులో ఉండదు, డాక్టరు చీటీ లేనిదే ఇవ్వరు. మేం హనుమకొండలోనే తెచ్చుకుంటాం. వేసిన రోజుల్లో లంచ్ బాక్స్ అలాగే వెనక్కొస్తుంది, ఆకలి చచ్చిపోతుంది. అందుకని మాత్రకి ముందే పెసరట్టో గుడ్డో గట్టిగా పెడతాను, రాత్రి మళ్లీ బాగా తింటాడు. ప్రతిసారీ బరువు, ఎత్తు చూస్తారు. మందుతో కూర్చోగలుగుతున్నాడు, మొదలుపెట్టింది పూర్తి చేస్తున్నాడు. చదవడం మాత్రం మందుతో రాదు, దానికి రవ్వ పళ్లెమే.

సర్టిఫికెట్ కథ వేరు. 2025 ఏప్రిల్‌లో యూడీఐడీ, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు కోసం స్వావలంబన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తు చేశాం. చేయించింది మా మండలంలోని భవిత కేంద్రం సారు. అది సర్కారు బడుల్లోని దివ్యాంగ పిల్లల కోసం ఉన్న కేంద్రం, మా వాడిది ప్రైవేటు బడి కదా అని నేను మొహమాటంగానే వెళ్లాను. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, ముందు ఆధార్‌లో పుట్టిన తేదీ, బర్త్ సర్టిఫికెట్‌లో తేదీ ఒకటేనా చూడండి అన్నారు. తేదీ ఒకటే, ఇంటిపేరు స్పెల్లింగ్ తేడా. దాన్ని సరిచేయించడానికి మూడు వారాలు. అది చూసుకోకుండా వెళ్లి ఆస్పత్రి దగ్గర వెనక్కి పంపించేసిన వాళ్లని తర్వాత చాలామందిని చూశాను.

ఫారం నింపుతుంటే తెలిసిన సంగతి: చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో డిస్లెక్సియా స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ కింద ఉంది, ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ లేదు. క్లాసులో వాణ్ణి ఎక్కువ ఇబ్బంది పెట్టేదానికి కాగితం లేదన్నమాట.

పరీక్షకి రమ్మని మెసేజ్ జూలైలో వచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్తే పరీక్ష చేసే సైకాలజిస్టు పోస్టు ఖాళీ అన్నారు, హైదరాబాద్‌లోని ఇంకో పెద్ద ఆస్పత్రికి రాసిచ్చారు. అక్కడ ప్రైవేటు రిపోర్టు చెల్లదు, పరీక్షలన్నీ మళ్లీ చేయాలన్నారు. ఉప్పల్‌లో మా పిన్ని వాళ్లింట్లో దిగి, తెల్లారకముందే ఓపీ లైన్లో నిలబడేవాళ్లం. ఒకసారి డాక్టరు లేరు, ఒకసారి సర్వర్ లేదు. లైన్లో ఎవరో పెద్దాయన వాణ్ణి పైకీ కిందికీ చూసి, "బాగానే ఉన్నాడుగా పిల్లాడు, పెన్షన్ కోసమా?" అన్నాడు. వాడు విన్నాడు. ఏమీ అనలేదు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు, "అమ్మా, నేను బాగున్నట్టు కనిపించకూడదా?" అని అడిగాడు. ఈ మొత్తం తిరుగుడులో నన్ను అన్నిటికన్నా కుంగదీసింది అదే. పరీక్ష చేసిన సైకాలజిస్టు మాత్రం, అంత రద్దీలోనూ, వాడితో నవ్వుతూ మాట్లాడి నీళ్లు తాగించి మధ్యలో బయట తిరిగి రానిచ్చారు.

సర్టిఫికెట్ అక్టోబర్‌లో వచ్చింది. పద్నాలుగేళ్లప్పుడు మళ్లీ పరీక్ష, పద్దెనిమిదికి మళ్లీ, అప్పుడిచ్చేది జీవితాంతం పనికొస్తుందట. కార్డు డిసెంబర్‌లో పోస్టులో ఇంటికొచ్చింది. దానివల్ల రేపటికి ఒరిగే మేలు ఇదీ: సీబీఎస్‌ఈ పదో తరగతిలో గంటకి 20 నిమిషాల చొప్పున, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట అదనంగా ఇస్తారు. స్క్రైబ్‌ని, అంటే వాడు చెప్పింది రాసిపెట్టే మనిషిని తెచ్చుకోవచ్చు. రెండు భాషల బదులు ఒక భాషతో సరిపెట్టుకోవచ్చు. వెంటనే ఒరిగింది హిందీ. కార్డు కాపీ జతచేసి అర్జీ పెడితే, జనవరి నుంచి హిందీ పీరియడ్‌లో వాణ్ణి లైబ్రరీకి పంపుతున్నారు. రేపు ఉద్యోగానికి హిందీ కావాలి కదా అని మా ఆయన చాలా రోజులు ఒప్పుకోలేదు. మాట్లాడటం టీవీ నేర్పుతుంది, రాత ఒకటి తగ్గనీయండి అన్నాను. ఇక ఈ మధ్య బడి అడ్మిషన్ల కరపత్రంలో "ప్రతి పిల్లాడికీ ప్రత్యేక శ్రద్ధ" అని వేశారు. నవ్వుకున్నాను. వేయనీ, వచ్చే ఏడు అడగడానికి నాకు ఇంకో కాగితం.

ఖర్చు లెక్క చూస్తే ఇప్పటికి లక్ష దాటింది. అందులో పెద్ద భాగం స్పెషల్ ఎడ్యుకేటర్ ఫీజే. నా కుట్టుపని పోయిన రోజులు లెక్కలోకి రాలేదు. దసరా గిరాకీ రెండేళ్లూ దెబ్బతింది.

ఇప్పుడు తెలుగు మూడో తరగతి పుస్తకం చదువుతాడు, నిదానంగా. ఇంగ్లీషు ఇంకా కష్టమే. ఆరో తరగతి నుంచి పేపర్లు పెద్దవవుతాయి కాబట్టి స్క్రైబ్‌తో రాయించడం ఇప్పట్నుంచే అలవాటు చేయమని మేడమ్ అన్నారు. జవాబు తెలియడం వేరు, ఇంకొకరి చేత రాయించడం వేరు. ఎక్కడ ఆగాలో చెప్పాలి, వాళ్లు రాసేదాకా ఆగాలి, తర్వాతి మాట మర్చిపోకూడదు. ఆదివారాలు అక్క కూర్చుంటుంది, వాడు గబగబా చెప్పేస్తాడు, ఇద్దరూ పోట్లాడుకుంటారు. లెక్కలకి మాత్రం స్క్రైబ్ వద్దంటాడు. ప్రశ్న చదివి వినిపిస్తే చాలు, లెక్క తన చేత్తో వేసుకుంటేనే తేలుతుందట. ఒక్కో సబ్జెక్టుకి ఒక్కోలా అడగొచ్చో లేదో సోమవారం ప్రిన్సిపాల్‌ని కనుక్కోవాలి.